ఎలక్ట్రానిక్ భాగములలో రెండు తెగలు

గడచిన విజ్ఞాన ప్రదర్శనము నాడు మా పాఠశాల మేడమీది గదిలో ఒక తండ్రిగారు ఒక బల్లయొద్ద చాలసేపు నిలిచియుండిరి. ఎనిమిదవ తరగతి చదువుచున్న వారి కుమారుడు తాను చేసిన పరికరము నొకదానిని ఆ బల్లమీద ఉంచియుండెను. ఇంటిపైనున్న నీటితొట్టి నిండినతోడనే గంట మ్రోగించు చిన్న యేర్పాటది. ఉదయమున మోటారు వేసి, కాఫీ త్రాగుచు దాని మాట మరచిపోయి, నీరు పొంగి ప్రక్కవారి గోడమీదుగా కారినపిదప వారు వచ్చి తలుపు తట్టగా లేచి పరుగెత్తుట చెన్నపట్టణపు కాపురములలో అందరకు అనుభవమే. కనుక ఆ బల్లయొద్ద జనము పలుచబడలేదు.

బాలుడు వచ్చినవారి కెల్ల ఇంగ్లీషున గడగడ అప్పగించుచుండెను: ఇది యాక్టివ్ కాంపొనెంట్, ఇవి పాసివ్ కాంపొనెంట్లు అని. తండ్రిగారు మావైపు తిరిగి, "సార్, వీడు యాక్టివ్ అంటున్నాడు, పాసివ్ అంటున్నాడు. నాకు కనిపించేవన్నీ చీమ తలకాయంత ముక్కలే. ఇందులో పని చేసేదేదో, ఊరికే కూర్చునేదేదో కాస్త మన మాటల్లో చెప్పండి" అని యడిగిరి. ఆ సందడిలో మేము చెప్పిన నాలుగు మాటలు వారికిని తృప్తి కలిగింపలేదు, మాకును తృప్తి కలిగింపలేదు. అదే ప్రశ్న మరి యిద్దరు తల్లులును అడిగిరి. అందుచేత ఈ సంచికలో కొంత తీరికగా ఆ విషయము వ్రాయుచున్నాము.

మొదట మాటల సంగతి. ఆ బాలుని అక్క నిఘంటువు చూచి, యాక్టివ్ అనగా కర్తరి, పాసివ్ అనగా కర్మణి అని తమ్మునికి వ్రాసియిచ్చినదట. వ్యాకరణమున అది సరియే. 'రాముడు రావణుని చంపెను' అనుట కర్తరి, 'రావణుడు రామునిచేత చంపబడెను' అనుట కర్మణి. ఈ రెండవ ప్రయోగము తెలుగునోట సహజముగా పలుకదని పెద్దలు చెప్పుదురు గాని, ఆ చర్చ యిక్కడ వలదు. విద్యుత్ శాస్త్రమున ఈ రెంటికిని క్రియాశీలములు, నిష్క్రియములు అని మనవారు పేరులు పెట్టిరి. పేరులు బాగుగనే యున్నవి. కాని నిష్క్రియ మనగానే సోమరి యనియు, క్రియాశీల మనగానే కష్టజీవి యనియు తోచుట సహజము. తండ్రిగారు 'ఊరికే కూర్చునేది' యనుటలోని పొరపాటు ఇదియే. నిష్క్రియ భాగములలో ఊరక కూర్చుండునది ఒకటియు లేదు.

ఇంట నున్న వస్తువులనే చూతము. పైకప్పునుండి వ్రేలాడు పంకా కొన్నియేండ్లు తిరిగినపిదప మెల్లగా నడచును. వేసవిలో, సరిగా ఎండలు ముదిరినప్పుడే, అది బొత్తిగా కదలక మూలుగును. కఱ్ఱతో రెక్కను నెట్టిన తిరుగ నారంభించును. ఎలక్ట్రీషియను వచ్చి, పైనున్న గిన్నె దించి, నల్లని చిన్న డబ్బీ నొకదానిని మార్చి పోవును. అది కెపాసిటరు. పాతకాలపు మెకానికులు కండెన్సరు అందురు. మన పిల్లలు తమిళ పాఠ్యపుస్తకమున 'మిన్‌తేక్కి' అని చదువుదురు. మిన్ అనగా విద్యుత్తు, తేక్కి అనగా నిలువచేయునది. మాటలోనే పని యంతయు చెప్పియుండుట మాకెంతయో నచ్చినది. రెండు లోహపు రేకులు, వాని నడుమ విద్యుత్తును పోనీయని సన్నని పొర: కెపాసిటరు అనగా నింతియే. ఒక రేకున విద్యుదావేశము చేరును, అవకాశము దొరకినప్పుడు మరల బయటికి వచ్చును.

పంకాకు దీనితో నేమి పని? మన యిండ్లకు వచ్చు విద్యుత్తు క్షణమునకు 50 మారులు ముందునకును వెనుకకును ఊగులాడునది. ఒక్క తీగచుట్టకు మాత్రమే ఆ ఊగులాటను అందించిన, దానిలోని అయస్కాంతబలము పెరుగుచు తరుగుచు నుండును గాని చుట్టు తిరుగదు. చుట్టు తిరుగని బలము పంకాను ఏ ప్రక్కకు త్రిప్పవలెనో యెరుగదు. అందుచేత పంకాలో రెండవ తీగచుట్ట నుంచి, దానికి వరుసలో కెపాసిటరును చేర్తురు. కెపాసిటరు గుండా పోయిన ప్రవాహము మొదటిదానికంటె ఒకింత ముందు నడచును. ఇద్దరు మనుష్యులు తిరుగలిని ఒకరి తరువాత నొకరు తోసినట్లు, ఈ రెండు చుట్టలును వంతులవారిగా తోయగా పంకా ఒకే దిక్కున తిరుగును. సామాన్యముగా దీని పరిమాణము 2.5 మైక్రోఫారడులు. ఏండ్లు గడచినకొలది లోపలి పొర చెడి ఆ పరిమాణము తగ్గును, పంకా నీరసించును. ఇంత పని చేయు వస్తువును నిష్క్రియ మని పిలుచుచున్నాము!

ఇక నిరోధకము. తమిళమున 'మిన్‌తడై' యందురు. తడై యనగా అడ్డు. విద్యుత్తునకు అడ్డు నిలిచి, తనలోనుండి పోవు ప్రవాహమును ఇంతయని కట్టడిచేయుట దీని పని. అడ్డుకొన్న శక్తి యేమగును? వేడిగా మారును. పూర్వము పంకాలకుండిన పెద్ద నల్లని రెగ్యులేటరు పెట్టెను తాకినవారికి ఈ సంగతి తెలియును. పంకాను ఒకటవ సంఖ్యలో నడపునపుడు ఆ పెట్టె బాగుగా వేడెక్కెడిది. పంకా మెల్లగా తిరుగుచున్నది గదా, కరెంటు బిల్లు బాగుగా తగ్గునని గృహస్థులు సంతోషించెడివారు. తగ్గిన భాగములో చాలవరకు పెట్టెను వేడిచేయుటకే పోయెడిది. ఇప్పటి రెగ్యులేటర్లు అట్లు వేడెక్కవు. కారణము మరియొకచోట చెప్పెదము.

పిల్లలు వాడు నిరోధకములు బియ్యపుగింజకంటె కొంచెము పెద్దవి. వానిపై అంకెలు వ్రాయుటకు చోటు లేక రంగుల పట్టెలు వేయుదురు. నలుపు సున్న, గోధుమరంగు 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలము 6, ఊదా 7, బూడిదరంగు 8, తెలుపు 9. మొదటి రెండు పట్టెలు అంకెలు, మూడవది ఎన్ని సున్నలు చేర్చవలెనో చెప్పును. బంగారు పట్టె నూటికి 5 వంతు అటునిటు కావచ్చునని హెచ్చరిక. గోధుమ, నలుపు, ఎరుపు, బంగారు అనగా 1000 ఓములు. మూడవది ఎరుపు గాక నారింజ యైనచో 10,000. సాయంకాలము మసక వెలుతురున ఈ రెండు రంగులను పోల్చుకొనలేక పిల్లలు పదిరెట్లు పొరబడుట మేము ఏటేట చూచుచున్నదే. ఇంట పిల్లవాడు ఇట్టి పని చేయుచుండిన, దయచేసి మంచి దీపము వేయుడు. కన్నులకును మేలు, మార్కులకును మేలు.

మూడవది తీగచుట్ట. పాత ట్యూబులైటులోని చోకు దీనికి మంచి ఉదాహరణము. ప్రవాహము పోవుచుండగా అయస్కాంతరూపమున శక్తిని దాచుకొని, స్టార్టరు ఆ ప్రవాహమును తెంచిన క్షణమున వందలకొలది వోల్టులతో ఎగదన్ని గొట్టమును వెలిగించెడిది. వచ్చిన 230 వోల్టులకంటె హెచ్చు వోల్టులను ఇచ్చుచుండగా దానిని నిష్క్రియ మనుట యెట్లని కొందరు తెలివిగల పిల్లలు అడుగుదురు. ప్రశ్న మంచిది. ట్రాన్స్‌ఫార్మరును గూర్చియు ఇదే ప్రశ్న వచ్చును. జవాబు వోల్టులలో లేదు, లెక్కలో నున్నది. 230 వోల్టులను 12 వోల్టులకు దించు ట్రాన్స్‌ఫార్మరు 1 ఆంపియరు ఇచ్చుచున్నప్పుడు 12 వాట్లు వ్యయమగును. ఆవలి ప్రక్కన అది గ్రహించునది సుమారు 0.05 ఆంపియరు, 230తో గుణించిన మరల ఆ 12 వాట్లకు దగ్గరగానే వచ్చును, నష్టమును కలుపుకొనిన కొంచెము హెచ్చు. వోల్టులు పెరిగిన ప్రవాహము తరుగును, ప్రవాహము పెరిగిన వోల్టులు తరుగును. చోకు సైతము తాను మెల్లగా దాచినదానినే ఒక్కమారుగా ఇచ్చినది. రూపాయిని చిల్లరగా మార్చుకొన్నంతమాత్రమున ధనము పెరుగదు గదా.

నిష్క్రియ భాగముల లక్షణ మిదియే. అడ్డగించును, దాచును, తిరిగి యిచ్చును, రూపము మార్చును. లోనికి వచ్చిన సంకేతమును అంతకంటె బలమైన సంకేతముగా చేసి బయటికి పంపజాలదు.

మరి క్రియాశీల భాగము శక్తిని పుట్టించునా? పుట్టింపదు. పాఠ్యపుస్తకములు ఇక్కడ తొందరపడి 'శక్తిని ఉత్పత్తిచేయునవి' అని యొక ముక్క వ్రాసి పిల్లలను పెడదారి పట్టించును. ట్రాన్సిస్టరు తనంతట తాను ఒక్క వాటునైనను పుట్టింపలేదు. అది చేయునది వేరు.

కృష్ణాజలములు మన నగరమునకు వచ్చు విధము తల్లిదండ్రులకు తెలిసినదే. 1983లో ఒడంబడిక జరిగి, 1996లో మొదటిసారి పూండి జలాశయమునకు నీరు చేరినది. శ్రీశైలమునుండి వెలుగోడు, సోమశిల, కండలేరుల మీదుగా తెలుగుగంగ నడచి వచ్చుచున్నది. కండలేరునుండి రాష్ట్రపు సరిహద్దునకే నూటయేబది కిలోమీటర్ల కాలువ. అచ్చటి తూము తలుపును ఎత్తించువాడు ఒక్క మనుష్యుడు, కదలునది ఒక మీట. అతని చేతిబలము ఎంత, కదలివచ్చు నీటిబలము ఎంత! అతడు నీటిని పుట్టింపలేదు, జలాశయమున నీరు లేనిచో ఎంత త్రిప్పినను చుక్క రాదు. అయినను, నీరున్నంతవరకు, ఇంత నడువుము, ఇంత ఆగుము అని శాసించునది ఆ చేయియే. తలుపుల శాసన మెట్టిదో 2015 డిసెంబరున చెంబరంబాక్కము చెరువు నీటిని విడిచినప్పుడు అడయారు ఒడ్డున నున్నవారు చూచియే యున్నారు.

ట్రాన్సిస్టరు ఈ తూము తలుపువంటిది, బ్యాటరీ జలాశయము. చిన్న సంకేతము మీటను కదపును. జలాశయమునుండి పెద్ద ప్రవాహము ఆ కదలికకు సరిగా నడచును. అల్పమైన సంకేతముచేత, మరియొకచోటినుండి వచ్చు హెచ్చు శక్తిని నియమించి, సంకేతమునే బలపరచి యిచ్చు భాగము క్రియాశీలము. ఈ ఉపమానమున నిష్క్రియములకును చోటున్నది: ఇరుకైన కాలువ నిరోధకము, నడుమనున్న పూండివంటి చెరువు కెపాసిటరు, ఒకసారి తిరుగ నారంభించిన వెంటనే ఆగనొల్లని బరువైన నీటిచక్రము తీగచుట్ట.

ఇప్పుడు నీటితొట్టి గంటకు వత్తము. తొట్టి అంచున రెండు తీగలు వ్రేలాడుచున్నవి. నీరు వానిని తాకినప్పుడు ఆ నీటి గుండా కొంచెము విద్యుత్తు పోవును. 9 వోల్టుల బ్యాటరీతో, మన కుళాయినీటిలో, అది సుమారు 0.2 మిల్లీఆంపియరు అనుకొందము. గంటకు కావలసినది 20 మిల్లీఆంపియరులు. తీగలను నేరుగా గంటకు కలిపిన అది మూలుగనైన మూలుగదు. ఆ 0.2ను ట్రాన్సిస్టరుయొక్క మూడు కాళ్లలో బేస్ అను కాలికి ఇచ్చినచో, తక్కిన రెండు కాళ్ల నడుమ దానికి సుమారు 100 రెట్లు, అనగా 20 మిల్లీఆంపియరులు నడచును. గంట మ్రోగును. ఆ 20లో నీరు ఇచ్చినది ఏమియు లేదు, ట్రాన్సిస్టరు ఇచ్చినది ఏమియు లేదు, సర్వము బ్యాటరీది.

ఇచ్చట ఒక నిరోధకము కూడ కలదు, మేము చెప్పిన 1000 ఓములదే. దానిని గూర్చి ఒక కథ. ప్రదర్శనమునకు ముందునాటి సాయంకాలము ఆ బాలుడు 'ఈ అడ్డు దేనికి, ఇది లేకున్నను మ్రోగుచున్నది గదా' యని దానిని తీసివేసినాడు. నీటిలో మ్రోగినది కూడ. పిమ్మట తీగలు తుడుచుచుండగా రెండును ఒకదానికొకటి తగిలినవి. నీరు నడుమ నున్నప్పుడు నీటి నిరోధమే కాపుగా నుండెను. ఇప్పుడు ఏ అడ్డును లేక బ్యాటరీబలమంతయు బేస్ మీద పడి ట్రాన్సిస్టరు చచ్చినది. పొగ లేదు, వాసన లేదు, చూచుటకు నిన్నటివలెనే యున్నది. ఆ రాత్రి ఆ యింట అన్నములు సరిగా సాగలేదని తల్లిగారు చెప్పిరి. నిరోధకమున్నచో, తీగలు తగిలినను 8 మిల్లీఆంపియరులకు మించి పోయియుండెడిది కాదు. క్రియాశీలమును నిష్క్రియము కాపాడును. మరియొక లెక్కలో దానిని బ్రతికించునదే అది.

ఈ తూము తలుపును లోకము కనుగొనుటకు ముందున్న కాలమును, పిదప కాలమును మన నగరమే చక్కగా చూపగలదు. 1924 మేలో కృష్ణస్వామి చెట్టిగారు మొదలైనవారు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ జూలై 31న ప్రసారములు ప్రారంభించిరి. ఆ కాలమున సామాన్యులకు అందుబాటులో నుండినది స్ఫటికపు రేడియో. ఒక తీగచుట్ట, ఒక కెపాసిటరు, గలీనా యను ఖనిజపు ముక్క, దానిపై ఆనించిన సన్నని తీగముల్లు, చెవికి పెట్టుకొను శ్రవణయంత్రము. బ్యాటరీ లేదు. ఇట్టి గలీనా గ్రాహకమునకు మన జగదీశచంద్ర బోసుగారు 1904లో అమెరికాలో పేటెంటు పొందియుండిరి. ఈ పెట్టెలో నున్నవన్నియు నిష్క్రియములే. గాలిలో వచ్చిన తరంగముల శక్తియే చెవిలో శబ్దమగును, దానికి మించినది ఒక్క అణువంతయు లేదు. కనుక ఒక్కరు మాత్రమే, అదియు ఊపిరి బిగబట్టి, వినవలసియుండెడిది.

అంతకు ముందే, 1904లో ఫ్లెమింగు రెండు పలకల వాల్వును, 1906లో లీ డి ఫారెస్టు మూడవ పలకను చేర్చిన వాల్వును చేసియుండిరి. ఆ మూడవ పలకయే తూము తలుపు. దానిపై పడిన అతి స్వల్పమైన సంకేతము పెద్ద ప్రవాహమును శాసించును. వాల్వు చేరినతోడనే రేడియో చెవిని విడిచి వీధిలోనికి వచ్చినది. క్లబ్బు ధనము చాలక 1927లో మూతపడగా, దాని యంత్రమును గ్రహించి మద్రాసు కార్పొరేషను 1930 ఏప్రిలు 1న ప్రసారములు ఆరంభించినది. మెరీనా తీరమునను కొన్ని ఉద్యానములలోను లౌడ్‌స్పీకర్లు పెట్టి జనులకు వినిపించినది. 1938 జూను 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వచ్చువరకు ఇట్లు సాగినది. ఒక్కరి చెవికి చాలీచాలని శబ్దము సముద్రపు హోరును మించి వినబడుట వాల్వుయొక్క ఘనత. ఆ హెచ్చు బలము విద్యుత్ సరఫరానుండి వచ్చినదే.

1947 డిసెంబరున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రటైనులు ట్రాన్సిస్టరును పనిచేయించి చూపిరి. షాక్లీతోపాటు వారికి 1956లో నోబెలు బహుమానము లభించినది. వాల్వువలె ఇది ముందుగా కాగి ఎర్రబడవలసిన పని లేదు. అటుపిమ్మట మన పెద్దలు జేబురేడియోనే ట్రాన్సిస్టరు అని పిలువసాగిరి. భాగము పేరు పెట్టెకు వచ్చిన చిత్రము! పంకా రెగ్యులేటరు సంగతి చెప్పెదమంటిమి: ఇప్పటివానిలో ఒక తరగతివానియందు ఇట్టి అర్ధవాహకపు తలుపే యుండి, క్షణమునకు 100 మారులు తెరచుచు మూయుచు, అవసరమైన మేరకే విద్యుత్తును విడుచును. మరికొన్నింటిలో కెపాసిటర్లే ఆ పని చేయును. ఏవిధముగ చూచినను పాతపెట్టెవలె శక్తిని వేడిచేసి పారవేయవు.

డయోడు సంగతి కొంచెము చిక్కైనది. మా విద్యార్థిని యొకతె బయటి పరీక్ష యొకదానిలో డయోడు నిష్క్రియ మని వ్రాయగా మార్కు పోయినది. ఇంట పెద్ద చర్చ జరిగి, తండ్రిగారు మాయొద్దకు వచ్చిరి. విద్యుత్తును ఒక దిక్కుననే పోనిచ్చి, మరియొక దిక్కున ఆపునది డయోడు. అర్ధవాహకముతో చేసినది కనుక కొన్ని పుస్తకములు దానిని ట్రాన్సిస్టరుతో చేర్చి క్రియాశీల మనును. సంకేతమును బలపరచుటయే గురుతుగా గ్రహించినచో, సామాన్యమైన డయోడు నిష్క్రియమే. మా పక్షము ఇదియే. కాని 1957లో జపానువాడగు లియో ఎసాకి కనుగొన్న టన్నెల్ డయోడు సంకేతమును బలపరచగలదు; దానికై ఆయనకు 1973లో నోబెలు బహుమానము వచ్చినది. కనుక 'డయోడు' అను పేరు చూచి తెగ నిర్ణయించుట కుదురదు. పోయిన మార్కు తిరిగి రాలేదు. ఇకమీదట ఒక్క పదముతో ఊరుకొనక, 'సంకేతమును బలపరుపదు గనుక' అని కారణము కూడ వ్రాయుమని ఆమెకు చెప్పితిమి.

నిష్క్రియ మనగా నిరపాయ మని యెవరైన అనుకొన్న, దానినిమాత్రము వెంటనే ఖండింపవలెను. మేము చిన్నతనమున చెడిపోయిన వాల్వు రేడియో నొకదానిని విప్పితిమి. గోడనుండి ప్లగ్గు తీసితిమి గదా యని ధైర్యము. లోపలి వాల్వు కాలిపోయియుండుటచేత కెపాసిటరులో చేరిన విద్యుత్తునకు బయటికి పోవు దారి లేక అట్లే నిలిచియున్నది. వ్రేలు తగిలినతోడనే మోచేతివరకు గుద్దినట్లై వెనుకకు పడితిమి. బ్రతికి బయటపడుట అదృష్టము. ట్రాన్సిస్టరు బ్యాటరీ తీసిన మరుక్షణము ఊరకుండును. కెపాసిటరు అట్లు కాదు, తాను దాచినదానిని మరువదు. మైక్రోవేవు ఓవెనులోని కెపాసిటరు సుమారు 2000 వోల్టులవరకు నిలుపును. ప్లగ్గు తీసినపిదప కూడ ప్రాణము తీయగలదు. అందలి శక్తిని మెల్లగా హరించుటకు నిరోధకము పెట్టుట కలదు గాని, ఆ నిరోధకమే చెడియుండవచ్చును. కనుక ఓవెనులు, పాత పెద్దగొట్టపు టెలివిజన్లు, ఇన్వర్టర్లు పిల్లలచేత విప్పింపవలదు. పంకా డబ్బీ మార్చునప్పుడు దెబ్బకంటె ఆ యదురుపాటున స్టూలుమీదనుండి పడుటయే హెచ్చు ప్రమాదము. 9 వోల్టుల బ్యాటరీతో చేయు పనులకు భయపడ నక్కరలేదు. అవి ఎన్ని చెడగొట్టినను చెడగొట్టనిండు.

భాగములు కొనుటకు మన నగరమున మౌంటురోడ్డునుండి చిలు రిచీ వీధి యున్నది. దానిని, ప్రక్కనున్న నరసింగపురము వీధిని కలిపి, దేశములోని పెద్ద ఎలక్ట్రానిక్ బజారులలో నొకటిగా చెప్పుదురు. క్రోంపేటలో 1949లో రాజముగారు స్థాపించిన మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మొదటినుండియు ఎలక్ట్రానిక్సును ప్రత్యేక శాఖగా బోధించినది. అటు హైదరాబాదున 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నిలిపినవారు పశ్చిమగోదావరిలోని మోగల్లున పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. మన బంధువులనేకులు కాపురమున్న ఏ.ఎస్. రావు నగరు వారి పేరిటిదే.

రిచీ వీధికి పోవుటలో చిక్కొకటి కలదు. ట్రాన్సిస్టరు చచ్చిన మరునాటి ఉదయము ఆ తండ్రిగారు అచ్చటికి పరుగెత్తిరి. కొద్ది రూపాయలకు ట్రాన్సిస్టరు దొరకినది. కొట్టువాడు ఆయన ఆతురత చూచి, అచ్చముగా అట్టి నీటితొట్టి గంటయే, పెట్టెలో బిగించి సిద్ధముగా నున్నదానిని చూపి, 'స్కూల్ ప్రాజెక్టుకు అందరూ ఇదే తీసుకుపోతారు సార్' అనెనట. ఆయన రెండును కొనిరి. పాఠశాల వాకిట మమ్ము కలిసికొని, ఒక జేబులోనిది ఒకమారు, రెండవ జేబులోనిది ఒకమారు తీసి చూపి, ఏది పిల్లవానికి ఇమ్మందురని అడిగిరి. ఇట్టి సిద్ధపు పెట్టెలు ఏటేట మా ప్రదర్శనములోనికి ఎన్ని వచ్చుచున్నవో మాకు తెలియును. లోపల ఏమున్నదని ప్రశ్నించిన పిల్లలు నేలచూపు చూతురు. అది వారి తప్పు కాదు. మేము ఏమియు చెప్పక, రెండింటిని వానికే చూపుడంటిమి. వాడు పెట్టెవైపు ఒకసారి చూచి, ట్రాన్సిస్టరును తీసికొని, పది గంటలకు ప్రదర్శనము తెరచువరకు సోల్డరింగు కడ్డీతో కూర్చుండెను. నిరోధకమును మరల పెట్టెను. పట్టెలు సరిగా నున్నవేమో చూడుమని మాకు ఇచ్చెను; మూడవ పట్టె ఎరుపే.

మధ్యాహ్నము తండ్రిగారు మరల వచ్చి, "సార్, ఇంతకూ గంట మోగేది నీళ్లతోనా, బ్యాటరీతోనా?" అని యడిగిరి. ఇంతవరకు మేము వ్రాసినదంతయు ఆ ప్రశ్నలో నున్నది. బాలుడే బ్యాటరీని ఊడదీసి, తీగలను నీట ముంచి చూపెను. గంట పలుకలేదు. బ్యాటరీని తగిలించి తీగలను బయటికి తీసెను. అప్పుడును పలుకలేదు.

ఆ పరికరమిప్పుడు వారి యింటి మేడమీద నున్నది. మూడు నెలలలో తొట్టి అంచునగల రాగితీగలు పచ్చబడి, గంట ఆలస్యముగా మ్రోగసాగినది. నీటిలో విద్యుత్తు ఒకే దిక్కున పోవుచున్నప్పుడు ఒక తీగ క్రమముగా తినివేయబడునని చెప్పితిమి. బాలుడు వానికి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు బిగించెదనని చెప్పి, తగిన పొడవుగలవానికై వెదకుచున్నాడు.